రాబడి పడిపోయిన యేడు ఇల్లు గడవాలంటే ముందు దేని మీద చెయ్యి వేయాలి?

వీఓఏ_దేవరకొండ:

మా ఊరి మహిళా పొదుపు సంఘాల గ్రామ సంఘం సమావేశంలో చర్చకు పెట్టేందుకు రెండిళ్ల లెక్క రాస్తున్న. నమూనా ఇళ్లే గానీ అంకెలు మన దేవరకొండ, చందంపేట వైపు మామూలుగా ఉండేవే.

ఒకటో ఇల్లు. మూడెకరాల చెల్క, బోరు లేదు, అంతా పత్తే. మంచి యేడు 18 క్వింటాళ్లు వచ్చేది. ఈసారి, అంటే 2025లో, ఎడతెగని వానలకు పూత రాలింది, అక్టోబర్ ఆఖరు తుఫానుకు విచ్చిన కాయ తడిసింది, చేతికి 7 క్వింటాళ్లే. ఊరంతా ఇదే పరిస్థితి. తినేవాళ్లు ఐదుగురు: ఆలుమగలు, అత్త (పింఛన్ 2,016), తొమ్మిది చదివే బిడ్డ, ఐదు చదివే కొడుకు. పాడి బర్రె ఒకటి, మేకలు ఐదు (తల్లులు మూడు, పోతులు రెండు), బంగారం తులంన్నర. ఎరువుల దుకాణంలో 45,000 ఉద్దెర, జూన్ నుంచి నూటికి రెండు రూపాయల మిత్తి. పండుగలు, పెండ్లిళ్లు పక్కన పెడితే ఇంటి ఖర్చు నెలకు 9,000.

రెండో ఇల్లు, వేరే ఊరనుకోండి. గుంట భూమి లేదు. ఆయనది హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. పరంజా మీంచి పడి కాలు విరిగింది, నాలుగు నెలలు పని బంద్. ఊళ్లో మిగతా ఇళ్లకు ఏ కష్టమూ లేదు. ఆమె కూలికి పోతే నెలకు ఆరు వేల దాకా వస్తాయి. పిల్లలకు రెండేళ్లు ఒకరికి, ఐదేళ్లు ఒకరికి. ఖర్చు 8,000, దాని మీద మైక్రోఫైనాన్స్ కిస్తీ 3,200. అర తులం కమ్మలు, సంఘంలో పొదుపు తప్ప ఇంకేం లేదు.

ఎక్కడికి పోయినా వినిపించే మాట "ముందు ఖర్చు తగ్గించు, తర్వాత జీవాలమ్ము, ఆఖరుకు అప్పు చెయ్యి" అని. రెండిళ్లకూ ఇదే వరుస చెప్పాలా? లెక్కతో చెప్పండి, నీతులు వద్దు.

మెట్టసేద్యం:

ఒకే వరుస నడవదక్కా. దెబ్బ ఒక్క ఇంటికా, ఊరంతటికా అన్నది తేలితేనే ఏ ఉపాయం పనికొస్తుందో తెలుస్తుంది.

ఒక్క ఇంటికే అయితే చేబదులు, కిరాణం ఉద్దెర, సంఘం అప్పు, చిట్టీ పాట అన్నీ దొరుకుతాయి. ఇచ్చేవాళ్ల చేతిలో పైసలుంటాయి కాబట్టి. ఊరంతా మునిగిన యేడు ఇవన్నీ ఒక్కసారే ఎండిపోతాయి. చిట్టీలో పదిమందీ ఆ నెలే పాటకు దిగుతారు, ఎప్పుడూ 85 వేలకు ఆగే లక్ష చిట్టీ 70 వేలకు పోతుంది. అందరూ మేకలు తోలుకొస్తే అంగడిలో ధర పడుతుంది. అందరూ కూలికి నిలబడితే పిలిచేవాళ్లు ఉండరు. అప్పుడు అక్కరకొచ్చేవి ఊరి పొలిమేర బయట ఉన్నవే: దూరపు చుట్టాలు, వలస, సర్కారు పైసలు, బ్యాంకు. ఇంట్లో ఉన్న వాటిలో బంగారం ఒక్కటే, దాని ధరకు మన వానతో సంబంధం లేదు గనక.

దీనికి మన దగ్గరి పద్దులే సాక్ష్యం. పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్లు 1975 నుంచి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లిలో (ఇప్పుడు రంగారెడ్డి జిల్లా, మాడ్గుల మండలం) ఎంపిక చేసిన కొన్ని ఇళ్ల రాబడీ ఖర్చూ ఏళ్ల తరబడి రాసిపెట్టారు. వాటి మీద ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో వేసిన లెక్కలో, ఒక ఇంటి రాబడి ఎంత ఎగిరిపడినా తిండి ఖర్చు అంత ఊగలేదు, ఊరి సగటుతో పాటు నడిచింది. అంటే ఒక్కరి నష్టాన్ని ఊరు చాలావరకు పంచుకుంటోంది. పూర్తిగా మాత్రం కాదు, భూమి లేనివాళ్లకు ఆ ఆసరా తక్కువ. ఇక ఊరి సగటే కూలితే పంచుకోవడానికి ఏముంటుంది? ఆర్థికవేత్తలు రోజెన్‌జ్వైగ్, స్టార్క్ 1989లో చూపించింది మన ముసలోళ్లకు ముందే తెలుసు: పెండ్లి సంబంధాలు దూరపు ఊళ్లతో కలుపుకున్న ఇళ్లల్లో తిండి ఖర్చు తక్కువ ఊగింది. మన మబ్బు కింద లేని వియ్యంకుడే కరువులో ఆదుకుంటాడు.

అవే పద్దుల నుంచి ఇంకో రెండు విషయాలు. పంట పోతే మగవాళ్లు బయట కూలి గంటలు పెంచి ఆ లోటు పూడ్చుకున్నారని అంజినీ కొచ్చర్ 1999లో రాశారు. రాబడి పడినప్పుడు పిల్లల బడి హాజరూ పడిందని జాకోబీ, స్కూఫియాస్ 1997లో చూపించారు. అందుకే తిండి ఖర్చు నిలకడగా ఉందని రాసుకుని ఊరుకోవద్దు, ఎవరి బడి మానిపిస్తే ఆ నిలకడ వచ్చిందో కూడా పక్క గడిలో రాయండి.

బ్యాంకుమిత్ర_నల్లగొండ:

ఒకటో ఇంటికి ముందు రెండు పద్దులు విడదీయండి: తిండి పద్దు, బాకీ పద్దు. కలిపి చూస్తే గాభరా పుడుతుంది, గాభరాలో తల్లి మేకలను తోలుకుపోతారు.

తిండి పద్దు. పన్నెండు నెలలకు 1,08,000 కావాలి. వచ్చేవి చూద్దాం. అత్త పింఛన్ 24,192. ఉపాధి హామీ 2025-26 లెక్కన 100 రోజులు. ఇది జాబ్ కార్డుకు, మనిషికి కాదు. ఇద్దరు కలిసి పోతే 50 రోజులకే అయిపోతుంది. 2025-26లో కూలి 307 అని కాగితం మీద ఉన్నా, కొలతల ప్రకారం చేతికొచ్చేది తక్కువ. 230 లెక్కన 23,000 వేసుకోండి. పని కావాలని రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోకపోతే అడిగినట్టే కాదు.

పత్తి 7 క్వింటాళ్లు. ఇక్కడే చాలామంది నష్టపోతారు. తడిసి రంగు మారినదాన్ని మంచిదానితో కలిపి బోరెం కుడితే మొత్తం రంగు మారినదాని ధరకే పోతుంది. వేరు చేయండి. మంచిది నాలుగు క్వింటాళ్లు తేలితే రెండు రోజులు గట్టి ఎండలో పట్టా మీద పలుచగా ఆరబోసి సీసీఐకి (మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ) తీసుకుపోండి. 2025-26 సీజన్‌లో పొడవు పింజ మద్దతు ధర 8,110. తేమ 8 శాతం దాటిన ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోస్తారు, 12 దాటితే తీసుకోరు. 7,900 లెక్కన 31,600. రంగు మారిన మూడు క్వింటాళ్లు ప్రైవేటులో 6,000కు పోయినా 18,000. రెండూ కలిపి 49,600.

మొత్తం వచ్చేది సుమారు 97,000. తిండి పద్దులో లోటు 11,000 మాత్రమే. పోతులు రెండూ అమ్మితే అది పూడుతుంది. రైతు భరోసా సీజన్‌కు ఎకరా 6,000 చొప్పున వచ్చేదాన్ని ఈ పద్దులో కలపొద్దు. ఎప్పుడు పడుతుందో చెప్పలేం, పడ్డది విత్తనానికే పోతుంది. మూడెకరాలకు ఆరు ప్యాకెట్లు, 2025 ధర 901 చొప్పున 5,406, తర్వాత దుక్కి, ఎరువు ఉండనే ఉన్నాయి.

మరి ఇల్లు ఎందుకు మునుగుతుంది? బాకీ పద్దు వల్ల. 45,000 మొత్తం జూన్‌లోనే తెచ్చారనుకుంటే నవంబర్ ఆఖరుకు మిత్తి 5,400, మొత్తం 50,400. పత్తి పైసలు 49,600. దుకాణదారు కాంటా దగ్గరే పట్టుకుంటే పత్తి మొత్తం అటే పోతుంది, డిసెంబర్ నుంచి ఇంట్లో పింఛన్ తప్ప రూపాయి ఉండదు. అప్పుడు బియ్యానికి చేసే అప్పు మూడు రూపాయల మిత్తికి దొరుకుతుంది. కొందరు దుకాణదారులు పత్తి తమకే వేయాలంటారు, క్వింటాకు 200-300 తగ్గించి. అది కూడా మిత్తే, పేరు వేరు.

నేను చెప్పేది వరుస తిరగేయమని. బాకీని బంగారం మీదికి మార్చండి, పత్తి పైసలు తిండికి ఉంచండి. బ్యాంకులో తులం నగ పెట్టి 50,000 తెచ్చి దుకాణం బాకీ ఒక్క దెబ్బకు తీర్చేయాలి. రొక్కం మొత్తం ఒకేసారి ఇస్తానంటే మిత్తిలో కొంత వదులుకునేవాళ్లు ఉంటారు, అడగాలి. బ్యాంకు వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుంటే 5,000. అదే బాకీ దుకాణంలో ఇంకో ఏడాది ఉంటే 12,096. ఆడవాళ్ల మెడలోది గిరవి పెట్టడం నామోషీ అనిపిస్తుంది, ఉద్దెర నామోషీ అనిపించదు. ఆ నామోషీ ఖరీదు ఏడాదికి ఏడు వేలు.

బంగారం పెట్టేటప్పుడు చూడాల్సింది తారీఖు. అసలు, వడ్డీ కలిపి ఒకేసారి కట్టే అప్పుకు గడువు 12 నెలలు. డిసెంబర్‌లో పెడితే వచ్చే డిసెంబర్‌లో కట్టాలి, అప్పటికి పత్తి ఏరి ఉంటారు. జూన్‌లో పెడితే గడువు జూన్‌లో వస్తుంది, ఆ నెల రైతు చేతిలో ఏముంటుంది? వేలం నోటీసులు వచ్చేవి ఎక్కువగా ఇలా తారీఖు తప్పినవాళ్లకే. రాళ్లు, లక్క బరువు తీసేసి నికర బరువు ఎంత రాశారో రసీదులో చదవండి. 2025 జూన్‌లో ఆర్‌బీఐ రెండున్నర లక్షల లోపు అప్పుకు విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చన్నది, అమలుకు పెట్టిన గడువు 2026 ఏప్రిల్ 1. ఇస్తున్నారు కదా అని అంతా తీసుకుంటే ధర కాస్త దిగినా ఫోన్ వస్తుంది. కావాల్సినంతే తీసుకోండి.

బంగారం కన్నా ముందు పట్టా పేరు మీద కిసాన్ క్రెడిట్ కార్డు ఉందా చూడండి. పంట రుణ పరిమితి కట్టేటప్పుడు ఇంటి అవసరాలకని 10 శాతం కలుపుతారు, చాలామందికి ఇది తెలియదు. లక్షా ఇరవై వేల పంట రుణం అయితే 12,000, పై లోటుకు సరిగ్గా సరిపోతుంది. గడువులోపు కడితే 7 శాతం వడ్డీ 4కు దిగుతుంది, ఒక్కరోజు తప్పినా ఆ రాయితీ పోతుంది. 2025 నాటి నిబంధన ప్రకారం పంట 50 శాతానికి పైగా పోయిన చోట సర్కారు విపత్తుగా ప్రకటిస్తే బ్యాంకు ఆ అప్పును ఐదేళ్ల దాకా వాయిదాలు చేయొచ్చు, మొదటి ఏడాది కిస్తీ లేకుండా. 33 నుంచి 50 శాతం మధ్య అయితే రెండేళ్లు. ఇక్కడ నష్టం 61 శాతం. బ్యాంకు తనంత తాను పిలిచి చేయదు, అర్జీ పెట్టాలి.

పంట నష్టం రాయడానికి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చినప్పుడు పంట నమోదులో పత్తి అని ఉందా చూసుకోండి. విపత్తు నిధి 2025-26 లెక్కన వానాధార పంటకు హెక్టారుకు 8,500, అంటే ఎకరాకు 3,400. అది వస్తే వచ్చినట్టు, తిండి పద్దులో రాయకండి. రాష్ట్రం 2020 వానాకాలం నుంచే కేంద్రం పంట బీమా అయిన ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది కాబట్టి ఈసారి పంటకు అటు చూడనక్కర్లేదు. కౌలు రైతుకు వీటిలో సగం వర్తించవు, ఆ ఇంటి లెక్క వేరే రాయాలి.

జీవాల_డాక్టర్:

పోతులు అమ్మే మాట సరే, ఎప్పుడన్నది చెప్పలేదు. ఊరంతా పంట పోయిన యేడు నవంబర్, డిసెంబర్ అంగళ్లకు అందరూ తోలుకొస్తారు. పత్తి పైసలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ ఇంటికి తొందర లేదు. తుమ్మకాయ, రేగాకు దొరికినన్నాళ్లు మేకకు ఖర్చు దాదాపు లేదు. సంక్రాంతికి ఒకటి, బక్రీద్ ముందు ఒకటి అమ్మండి. బేరం కంటిచూపుతో వద్దు, బతికున్న బరువు కిలో లెక్కన చేయండి. కాంటా లేని బేరంలో పోయేది ఎప్పుడూ అమ్మేవాడిదే. తల్లి మేకలను ముట్టుకోవద్దు. అమ్మినదాన్ని మళ్లీ కొనాలంటే రెండేళ్లు పడుతుంది. ఎడ్ల మీద 1993లో రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ అదే ఇక్రిశాట్ పద్దులతో చూపించిందీ ఇదే: చెడ్డ యేడు ఎడ్లు అమ్మి గడిపిన ఇళ్లు సేద్యానికి కావాల్సిన ఎడ్లు లేకుండా మిగిలాయి.

బర్రె సంగతి ఎవరూ రాయలేదు. ఈనిన మూడు నెలల్లోపు ఉండి పూటకు రెండు లీటర్లు ఇస్తుంటే ఉంచండి. పిల్లలకు లీటరు పోను మూడు లీటర్లు కేంద్రంలో పోస్తే పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. పంట లేని ఇంట్లో నెలకు రెండుసార్లు రొక్కం కనిపించేది అదొక్కటే. అయితే గడ్డి లెక్క కట్టండి. రోజుకు 7 కిలోల ఎండుగడ్డి అంటే జూన్ దాకా ఏడు నెలలకు టన్నున్నర. పత్తి చేలో గడ్డి రాదు, కొనాల్సిందే. కొనేది డిసెంబర్‌లో, కోతలప్పుడు కొనండి. మార్చికి అదే గడ్డి ధర మండుతుంది. ఒట్టిపోయి, చూడి కూడా లేకపోతే ఇప్పుడే అమ్మేయండి. ఏప్రిల్‌లో ఎముకల గూడు అయ్యాక కటిక ధరే.

ఒక జాగ్రత్త. ఈసారి వానకు తడిసి బూజు పట్టిన వరిగడ్డి చవగ్గా వస్తోందని కొనకండి. బర్రెలకు చెవుల అంచులు, తోక కొన, గిట్టల పైభాగం కుళ్లే జబ్బు దాని వల్లే వస్తుంది. మంచి ఎండుగడ్డి తక్కువగా ఉంటే 100 కిలోలకు 4 కిలోల యూరియా, 50-60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పట్టా కప్పి 21 రోజులు ఉంచండి. పెట్టే ముందు గంటసేపు గాలికి ఆరబెట్టాలి. యూరియా నీళ్లు బర్రె నోటికి అందే చోట ఉంచితే చచ్చిపోతుంది.

కార్మిక_సలహా:

రెండో ఇంటికి వస్తా. నెలకు కావాల్సింది 11,200, వచ్చేది 6,000. లోటు 5,200, నాలుగు నెలలకు 20,800. ఊరు బాగుంది కాబట్టి ఊరి ఉపాయాలన్నీ పనిచేస్తాయి. కానీ అందరూ మరిచేది పని ఇచ్చినవాడి బాధ్యత.

పనిలో దెబ్బ తగిలితే పరిహారం హక్కు. 1923 కార్మిక పరిహార చట్టంలోని నియమమే 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. కొన్నాళ్లు పనిచేయలేని దెబ్బకు పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం, అంటే నెలకు సగం జీతం. 28 రోజులు, అంతకు మించి మంచాన ఉంటే దెబ్బ తగిలిన రోజు నుంచే లెక్క. లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 అని 2020లో నోటిఫై చేశారు. సెంట్రింగ్ కూలి నెలకు 20,000 పడినా 15,000 మీదే కడతారు, నెలకు 7,500. నాలుగు నెలలకు 30,000. మందుల ఖర్చు అసలు బిల్లుల ప్రకారం వేరే. అంటే ఈ ఇంటికి లోటు కన్నా రావాల్సిందే ఎక్కువ, వచ్చేది ఆలస్యంగా.

ఎక్కడ చెడుతుందంటే రుజువుల దగ్గర. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు మేస్త్రీ "బండి మీంచి పడ్డాడని రాయించండి" అంటాడు. ఒప్పుకుంటే అంతే సంగతి. చేరిన కాగితం మీద పని స్థలం, పరంజా మీంచి పడటం రాయించాలి. మేస్త్రీతో ఫోన్ మెసేజులు, హాజరు పుస్తకం ఫొటో, ఫోన్‌పేలో కూలి పడిన వివరం, తోటి కూలీలు ఇద్దరి పేర్లు దగ్గర పెట్టుకోండి. పది వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర అడుగుతారు. కార్మిక శాఖ అధికారి దగ్గర నమోదు కాని రాజీకి బలం లేదు గానీ, ఆ కాగితం పట్టుకుని ఏడాది తిప్పుతారు. అర్జీకి గడువు రెండేళ్లు. దెబ్బ హైదరాబాద్‌లో తగిలినా కార్మికుడు ఉండే జిల్లాలో, అంటే నల్లగొండలోనే వేయొచ్చు.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో చేయించండి, పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి 10 లక్షలు. ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు కోసే ప్రమాద బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. అది చనిపోయినా, కాలో కన్నో శాశ్వతంగా పోయినా ఇస్తుంది, అతుక్కునే ఎముకకు ఇవ్వదు.

పరిహారం వచ్చేదాకా నడిపించేది ఇది. సంఘం సొంత నిధి నుంచి రూపాయి మిత్తికి 10,000, ఇద్దరు దగ్గరివాళ్ల నుంచి చేబదులు తలా 3,000, మిగతా నాలుగైదు వేలు కిరాణం ఉద్దెర. ఉద్దెర బియ్యం, నూనె, పప్పు వరకే తీసుకుని ఇంట్లో ఒక చీటీ పుస్తకంలో రాసుకోవాలి, సేటు పుస్తకం ఒక్కటే ఉంటే ఎక్కువ తేలుతుంది. కిస్తీ కట్టడానికి ఇంకో మైక్రోఫైనాన్స్ అప్పు మాత్రం తీసుకోవద్దు. మొదటి కిస్తీ తప్పకముందే ఆసుపత్రి కాగితం నకలు జతచేసి మూడు నెలలు వాయిదా అడగండి, రాతపూర్వకంగా. 2022 ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఇంటి మొత్తం కిస్తీలు నెల రాబడిలో సగం దాటకూడదు. ఇప్పుడు రాబడి 6,000, సగం 3,000, కిస్తీ 3,200. ఆ నిబంధన అప్పు ఇచ్చే రోజుకు వర్తించేదే అయినా, అర్జీలో ఈ అంకె రాస్తే మేనేజరు కాదనడం కష్టం. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు.

కోస్గి_బస్టాండ్:

అందరూ ఇంట్లో కూర్చునే లెక్కలే చెప్తున్నరు. ఒకటో ఇంటి మగాయన జనవరి నుంచి మే దాకా ఖాళీ. వలస పోతే తప్పేంది? అడ్వాన్స్ తీసుకుని మాత్రం పోవద్దు. మేస్త్రీ దగ్గర 30,000 ముందే తెస్తే ఆ సీజన్ కూలి రేటు ఆయన చెప్పిందే. మధ్యల జ్వరమొచ్చి పండుకున్న రోజులకు తిండి ఖర్చు బాకీల కలుస్తది, ఎండాకాలం అయినంక ఇంకా బాకీనే మిగుల్తది. బొంబాయి, పుణె కాకుండ హైదరాబాద్ అడ్డా మీద అడ్వాన్స్ లేకుండ రోజు కూలికి పోతే నెలకు 18-20 రోజులు దొరుకుతయి. ఆలుమగలు ఇద్దరూ పోతే బిడ్డ చదువు ఆగుతది, ఒక్కరే పోవాలె. ఇద్దరూ పోక తప్పదంటే వలస పిల్లల సీజనల్ హాస్టల్ ఎక్కడున్నదో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల అడగండి. రేషన్ బయటి రాష్ట్రంల కూడా తీసుకోవచ్చు, కానీ కేంద్రం కార్డు అయితేనే, తలకు 5 కిలోలే. రాష్ట్రం కార్డు ఐతే అక్కడ నడవదు.

వీఓఏ_దేవరకొండ:

చాలా ఉపయోగపడింది. మూడు చిన్న ప్రశ్నలు. ఖర్చు తగ్గించాల్సి వస్తే తిండిలో ఏది తగ్గించొచ్చు? పాలమూరులో (మహబూబ్‌నగర్) వాన బీమా ఉండేదని విన్న, అదేమైంది? సీసీఐ పైసలు బ్యాంకు బాకీ కింద పట్టుకుంటుందని భయపడుతున్నారు, నిజమేనా?

పోషణ_పద్దు:

తిండి గురించి. బియ్యం ఎవరూ తగ్గించరు, పప్పు, నూనె, పాలు తగ్గిస్తారు. కడుపు నిండినట్టే ఉంటుంది, ఆఖరున తినే ఆడమనిషికి చారు, మెతుకులు మిగులుతాయి. కాబట్టి తగ్గించే వరుస తిరగేయండి. ఐదుగురికి రేషన్ సన్నబియ్యం 30 కిలోలు ఉచితం, నెలకు అయ్యేది 55 దాకా. బయట కొనే పాతిక కిలోల్లో పది కిలోలు జొన్న వైపు మార్చండి, పూటకు రొట్టె. కందిపప్పు నెలకు నాలుగు కిలోలు కదలొద్దు. మరీ తప్పకపోతే రెండు కిలోలు పెసరకో ఉలవకో మార్చండి, ఏది చవగ్గా ఉంటే అది. ప్యాకెట్ చిరుతిళ్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, ఫోన్ రీఛార్జిలో రెండో సిమ్ ముందు ఆపండి. అక్కడే నెలకు ఐదారు వందలు తేలతాయి.

రెండో ఇంటి పిల్లలిద్దరూ అంగన్‌వాడీ వయసు వాళ్లు. రెండేళ్ల పిల్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి, 16 గుడ్లు. ఐదేళ్లవాడికి కేంద్రంలో పూట భోజనం, రోజూ గుడ్డు. అమ్మ కూలికి పోయిన రోజు పెద్దవాణ్ణి కేంద్రానికి పంపకపోతే ఆ పూట భోజనం, గుడ్డు పోతాయి. ఒకటో ఇంటి పిల్లలు సర్కారు బడిలో ఉంటే పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంది, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా మాత్రం ఉండదు. ఇద్దరు పిల్లలకూ దాదాపు యాభై రోజులు. రొక్కం అడుగంటేదీ ఆ నెలల్లోనే. ఆ యాభై రోజులకు పప్పు, నూనె పత్తి పైసలతో డిసెంబర్‌లోనే కొని పక్కన పెట్టాలి.

మెట్టసేద్యం:

వాన బీమా 2003లో మహబూబ్‌నగర్‌లోనే మొదలైంది, దేశంలో మొదటిది. బేసిక్స్ అనే చిన్న అప్పుల సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి పల్లి, ఆముదం రైతులకు ఇచ్చారు. పొలం చూడరు, వానమాపకంలో మిల్లీమీటర్లు చూస్తారు. గీసిన గీత కన్నా తక్కువ పడితే పైసలు. సర్వే లేదు కాబట్టి త్వరగా వస్తాయి. ఇబ్బంది కూడా అక్కడే: మాపకం దగ్గర వాన పడి మన చేలో పడకపోతే రూపాయి రాదు. పైగా ప్రీమియం కట్టాల్సింది విత్తనం కొనే నెలలో. అప్పుడు రైతు చేతిలో ఉన్న వెయ్యి విత్తనానికా, రాబోయే కరువుకా? చాలామంది విత్తనమే కొన్నారు. ఇప్పుడు ఇలా అధిక వానతో పూత రాలిన నష్టానికైతే తక్కువ వానకు కట్టే బీమా ఎలాగూ అక్కరకు రాదు.

బ్యాంకుమిత్ర_నల్లగొండ:

సీసీఐ పైసలు ఆధార్‌కు ముడిపడిన ఖాతాలోకి పోతాయి. పంట రుణం గడువు దాటి ఉండి అదే బ్యాంకు ఖాతా ఆధార్‌కు కలిసి ఉంటే పట్టుకునే అవకాశం ఉంది. రెండు దారులున్నాయి. పత్తి వేయడానికి పది రోజుల ముందే బాకీ లేని బ్యాంకు ఖాతాకో, పోస్టాఫీసు ఖాతాకో ఆధార్ లింకు మార్చి, మారిందో లేదో చూసుకోవడం ఒకటి. పంట రుణాన్ని పాత వడ్డీ కట్టి డిసెంబర్‌లోపు రెన్యువల్ చేయించుకోవడం ఇంకోటి, దాంతో గడువు దాటిన పద్దు అనే మాటే ఉండదు. వడ్డీ కట్టేందుకు పైసలుంటే రెండోదే మేలు. అత్త పింఛన్ ఖాతా మాత్రం వేరుగా ఉంచండి, ఆ ఖాతాను ఏ అప్పుకూ జామీను రాయొద్దు.